గవర్నరుకు పడని ఓటు

ఆగస్టు మొదటి సోమవారం నాడు హికరీ ఫోర్డ్‌లో ఇంటిపట్టున ఉన్నవాళ్లు ఎవరయ్యా అంటే, జ్వరంతో మంచం పట్టినవాళ్లూ, నిన్నో మొన్నో పురుడు పోసుకున్నవాళ్లూ. తక్కిన లోకమంతా కోర్టు ముంగిట్లోనే ఉంది. ఒక పక్క గుంటలో ఎద్దు నిలువునా కాలుతోంది. ఇంకో పక్క విస్కీ పీపాల దగ్గర తోపులాట. పొలాల నుంచి వచ్చిన బండ్ల మీద ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో వేసుకుని మెడలు సాచి చూస్తున్నారు. వాళ్లకు ఓటు లేదు. కానీ ఎవడు ఎవడికి వేశాడో చెవులారా వినడానికి ఏ చట్టమూ అడ్డం రాలేదు.

ఎందుకంటే ఆ రోజుల్లో ఇల్లినాయ్‌లో ఓటు వెయ్యడమంటే అరవడమే. కోర్టు వరండా మెట్లెక్కి, బల్ల వెనక కూర్చున్న గుమాస్తాకు ముందు తన పేరు చెప్పాలి. తర్వాత తను కోరిన మనిషి పేరు ఊరంతా వినేలా చెప్పాలి. ఆ కోరిన మనిషి పక్కనే కుర్చీలో ఉంటాడు. లేచి, టోపీ తీసి, వంగి దణ్ణం పెడతాడు. సాయంత్రానికి పోటీదారుల నడుములు పట్టేసేవి.

ఆ రోజు కుడివైపు కుర్చీలో వంగుతూ లేస్తూ ఉన్నవాడు హోసియా పిక్రెల్. గుర్రపు జీనులు కుట్టే మనిషి. పొడుగు ఎక్కువ, లాగు పొట్టి. ఆయన పెళ్లాం డ్రూసిలా ఎదురుగా ఉన్న కెజయా అత్త సత్రం మేడ కిటికీలోంచి సగం ఒళ్లు బయటపెట్టి చూస్తోంది. కెజయా అత్త ఊరందరికీ అత్తే. మొగుడు పోయాక సత్రం తనే నడుపుతోంది, నోటితో ఊరిని కూడా నడుపుతోంది.

"ఒసే పిల్లా, కింద పడతావే! నువ్వు పడితే నీ మొగుడికి ఓట్లు పెరుగుతాయనుకుంటున్నావా?"

"జాలితో నాలుగు పెరిగినా పెరుగుతాయి, అత్తా!"

నవ్వుతూనే అంది గానీ డ్రూసిలా చూపు గుమాస్తా బల్ల మీంచి కదల్లేదు. ఆమెకు కావలసింది శాసనసభా కాదు, పదవీ కాదు. వంతెన. ఊరి పక్కన పారే క్రేన్ నది మీద ఒక వంతెన. రెండేళ్ల కిందట వసంతకాలపు వరదలో, పురిటి నొప్పులు పడుతున్న పొరుగామె కోసం డాక్టరును పిలుచుకు రావడానికి డ్రూసిలా తమ్ముడు జేరెడ్ గుర్రంతో సహా ఏట్లోకి దిగాడు. గుర్రం ఒడ్డెక్కింది. జేరెడ్ ఎక్కలేదు.

నది మీద ఉన్న ఒక్కగానొక్క బల్లకట్టు కల్నల్ ఆంబ్రోజ్ విట్లాచ్‌ది. ఎడమవైపు కుర్చీలో కూర్చున్న ప్రత్యర్థి కూడా ఆయనే. ఏళ్ల తరబడి రాష్ట్ర శాసనసభలో ఆ జిల్లా ప్రతినిధి ఆయనే. వంతెన కోసం ఊరు పెట్టుకున్న అర్జీలన్నీ రాజధాని వాండేలియా చేరేలోపు ఆయన కోటు జేబులోనే మాగిపోయేవి. వంతెన వస్తే బల్లకట్టు ఎవడెక్కుతాడు మరి?

పొద్దున్నే కల్నల్ తెల్ల గుర్రాల బండి దిగి, మెట్లెక్కి, అందరికంటే ముందు తన ఓటు వేశాడు.

"ఆంబ్రోజ్ విట్లాచ్! నా ఓటు హోసియా పిక్రెల్‌కి!" అని జనం వైపు తిరిగి కన్నుగీటాడు. "పాపం, కుర్రాడికి ఒకటైనా పడాలి కదర్రా!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అది ఆ దేశపు మర్యాద. పోటీలో ఉన్నవాడు తన ఓటు ఎదుటివాడికి వెయ్యాలి. తన పేరు తానే అరుచుకునేవాణ్ణీ, విందులో అందరికంటే ముందు తన పళ్లెం నింపుకునేవాణ్ణీ వాళ్లు ఒకే చూపు చూసేవారు.

హోసియా లేచి వంగాడు. "పొద్దు గుంకేలోగా తిరుగు మర్యాద చేస్తాను, కల్నల్ గారూ," అన్నాడు. అని, అప్పుడే చేసేద్దామని బల్ల వైపు అడుగేశాడు కూడా. కానీ మేడ కిటికీలోంచి డ్రూసిలా రెండు చేతులూ గాలిలో ఆడించింది. ఆగు! ఇప్పుడు కాదు! పొద్దున్నే నువ్వు కల్నల్ పేరు అరిస్తే, ఇంకా మనసు తేల్చుకోనివాళ్లు నువ్వే చేతులెత్తేశావనుకుంటారు. సాయంత్రం చూసుకోవచ్చు.

హోసియా కూర్చున్నాడు. పెళ్లాం మాట వినడం ఆయనకున్న మంచి అలవాట్లలో ఒకటి.

మధ్యాహ్నం దాకా కల్నల్ ముందు. నడుము మీద చెయ్యి వేసుకుని మరీ వంగుతున్నాడు. అంతలో రేవు నుంచి ఒక కబురు గుప్పుమంది. బల్లకట్టు ఆగిపోయిందట, తాడు తెగిందట! ఆవలి ఒడ్డు హోసియా ఇల్లున్న వైపు, అక్కడివాళ్లంతా ఆయన మనుషులు. కల్నల్ చెప్పి తెంపించాడో, పడవవాడే దొరగారి మెప్పు కోసం తెంపాడో ఆ పైవాడికే తెలియాలి. కల్నల్ మాత్రం ఆ కబురు విని టోపీ సరిచేసుకున్నాడు గానీ, ఎవరినీ రేవుకు పంపలేదు.

డ్రూసిలాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూశావా అత్తా, చూశావా! పట్టపగలు, ఊరందరి కళ్ల ముందు!"

"అరవకే. అటు చూడు."

రేవు దారిలో దుమ్ము లేచింది. దుమ్ములోంచి గుర్రాలు, గుర్రాల వెనక మనుషులు, అందరూ రొమ్ముల దాకా నీళ్లోడుతూ వస్తున్నారు! ఎండాకాలం, ఏరు లోతు తక్కువ. బల్లకట్టు లేకపోతేనేం అని ఏట్లో పడి వచ్చేశారు. మొదటివాడు బూట్లలో నీళ్లు చప్పుడు చేస్తుంటే మెట్లెక్కాడు.

"ఎవరికి?" అన్నాడు గుమాస్తా.

"నా ఒళ్లు చూస్తే తెలియడం లేదా? వంతెనకి!"

"వంతెన పోటీలో లేదయ్యా."

"అయితే పిక్రెల్‌కి రాసుకో!"

ముంగిలంతా ఘొల్లుమంది. డ్రూసిలా కిటికీ చెక్కను రెండు చేతులతో బాదింది. తడి బట్టలవాళ్లు ఒకడి తర్వాత ఒకడు పిక్రెల్, పిక్రెల్, పిక్రెల్ అంటుంటే, హోసియాకు లేచి వంగి కూర్చునే తీరిక లేక వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కల్నల్ మనుషులు పీపాలు వదిలేసి, నిద్రపోతున్నవాళ్లను తట్టిలేపి, ముసలివాళ్లను భుజాల మీద మోసుకొచ్చి మెట్లెక్కించారు. ఒకసారి ఇటు మొగ్గు, ఒకసారి అటు మొగ్గు. ఎద్దు మాంసం మాడిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

పొద్దు కమ్మరికొట్టం కప్పు మీదికి దిగింది. అది కప్పును తాకితే ఓటింగు ముగిసినట్టు. గుమాస్తా కలం చెవికి పెట్టుకుని లేచాడు.

"సమానం!" అని అరిచాడు. "ఇద్దరికీ సమానం! ఇంకెవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. ఒక్కడున్నాడు. హోసియా పిక్రెల్ ఇంకా ఓటు వెయ్యలేదు.

ఆ సంగతి జనానికి ఒక్కసారిగా తట్టింది. ముందు గుసగుసలు, తర్వాత కేకలు.

"నీకే వేసుకో, పిక్రెల్!"

"వెయ్యకు! ఇంటికి పో! సమానమైతే మళ్లీ ఎన్నిక పెడతారు!"

"వాళ్లు తాడు తెంపారు, నువ్వు మర్యాద తెంపితే తప్పేంటి?"

హోసియా తలెత్తి కిటికీ వైపు చూశాడు. డ్రూసిలా తల అడ్డంగా ఊపింది. గట్టిగా, మెడ విరిగిపోయేలా ఊపింది. వద్దు. ఏమీ చెయ్యకు. అక్కడే కూర్చో చాలు. నీకు దణ్ణం పెడతాను హోసియా, కూర్చో.

ఆయన ఆమె వైపు చూసి టోపీ తీశాడు. అప్పుడే ఆమెకు అర్థమైపోయింది. మొగుళ్లు టోపీ తీసి చూశారంటే ఏదో వెధవ పని చెయ్యబోతున్నారనే.

"హోసియా పిక్రెల్," అన్నాడు బల్ల దగ్గరికి వెళ్లి. "నా ఓటు కల్నల్ ఆంబ్రోజ్ విట్లాచ్ గారికి."

కల్నల్ లేచి వంగాలి. లేచాడు గానీ వంగడం మరిచిపోయాడు. ఎర్రగా ఉండే మొహం సున్నం కొట్టినట్టయింది. ఒక్క ఓటు తేడాతో గెలిచినవాడు, ఆ ఒక్క ఓటూ ఇచ్చినవాడి వైపు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. చప్పట్లు కొట్టాలో తిట్టాలో జనానికి తెలియలేదు.

డ్రూసిలా దిగి వచ్చి తనే బండి తోలింది. మామూలుగా ఆమె మొగుణ్ణి "హోసియా" అనేది. కోపం వస్తే "పిక్రెల్ గారూ" అనేది. ఆ దారంతా పిక్రెల్ గారే.

"పిక్రెల్ గారూ, మీ మర్యాద బాగుందండీ. రేపు ఏట్లో ఎవడైనా పోతే శవం మీద కప్పడానికి పనికొస్తుంది."

"మాట ఇచ్చాను, డ్రూ. ఊరంతా విన్నది."

"మా తమ్ముడి కేకలు కూడా ఊరంతా విన్నది!"

పొద్దున్నే వేసేస్తానంటే ఆపింది నువ్వే కదా అని హోసియా అనొచ్చు. అప్పుడే వేసి ఉంటే లెక్క అదే అయ్యేది గానీ, ఆ వెయ్యడం ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ మాట ఆయన అనలేదు. అనలేదు కాబట్టే ఆమెకు మరింత మండింది. రేవు దగ్గర బల్లకట్టు తాడు మంత్రం వేసినట్టు అతుక్కుని ఉంది. పడవవాడు తల గోక్కుంటూ, "మీ దగ్గర ఈవేళ రేవు కూలి తీసుకోవద్దన్నారమ్మా, కల్నల్ గారు," అన్నాడు. డ్రూసిలా నాణెం తీసి వాడి కాళ్ల దగ్గర గిరాటేసింది.

చలికాలం వచ్చింది. వాండేలియా నుంచి వచ్చే ప్రతి బండివాడూ కెజయా అత్త సత్రంలో ఒక కొత్త కథ దింపి పోతున్నాడు. అత్త వాటికి ఉప్పూకారం చేర్చి డ్రూసిలాకు వడ్డించేది.

"సభలో కల్నల్ లేచి నిలబడితే చాలట, వెనక నుంచి ఎవడో ఒకడు, 'పిక్రెల్ గారి ప్రతినిధి మాట్లాడతారు, వినండహో' అంటాడట! భోజనాల దగ్గర, 'మీ దొర పిక్రెల్ గారు కులాసానా' అని అడుగుతారట. ఎవణ్ణో కొట్టబోయాడట కూడానే!"

"కొట్టనీ," అంది డ్రూసిలా. కానీ ఆ రాత్రి వంటలో ఉప్పు సరిగ్గా పడింది, చాలా నెలల తర్వాత.

మంచు కరగడం మొదలైన రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, పిక్రెల్ ఇంటి ముందు గుర్రం ఆగింది. నడుం దాకా బురద కొట్టుకున్న మనిషి దిగాడు. తెల్ల గుర్రాలూ లేవు, బండీ లేదు. డ్రూసిలా గుమ్మంలో మొక్కజొన్న రొట్టె పెనం పట్టుకుని అలాగే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"వంతెన బిల్లు ఆమోదం పొందింది," అన్నాడు కల్నల్ విట్లాచ్, పలకరింపు లేకుండా, తిట్టినట్టు.

లోపల జీను కుడుతున్న హోసియా సూది వదిలేసి వచ్చాడు. "ఎవరు పెట్టారండీ?"

"ఎవరు పెడతారు, మీ తాత పెడతాడా? నేనే పెట్టాను! నేనే మాట్లాడాను! నేనే వాడి కాళ్లూ వీడి గడ్డాలూ పట్టుకుని ఒప్పించాను!" కల్నల్ టోపీ తీసి తొడకేసి కొట్టాడు. "నీ ఓటుతో గెలిచానయ్యా. నీ ఓటుతో గెలిచి నీ మాట మొయ్యకుండా ఎక్కడ తల దాచుకోను? మనిషిని ఓడించి ఇంత చావు చచ్చినవాడు భూమ్మీద లేడు. ఇక నన్ను నిద్రపోనివ్వండి!"

"మరి మీ బల్లకట్టు?" అంది డ్రూసిలా.

"పొయ్యిలో పెట్టుకుంటాను." ఆయన కాసేపు బూట్ల బురద చూసుకున్నాడు. "అమ్మాయ్, మీ తమ్ముడు ఏట్లో దిగిన రోజున బల్లకట్టు నా గట్టునే కట్టేసి ఉంది. వరదలో తియ్యొద్దని చెప్పింది నేనే. కొత్త బల్లకట్టు, పాడవుతుందని. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లూ నేనూ చెప్పలేదు."

డ్రూసిలా చేతిలో పెనం పైకి లేచింది. దాన్ని ఆయన నెత్తిన వెయ్యాలని ఒక క్షణం నిజంగానే అనిపించింది. మరుక్షణం ఏడుపు ముంచుకొచ్చింది. తమ్ముడు పోయిన నాటి నుంచి ఎవరి ముందూ ఏడవని మనిషి, ఆ ముసలి శత్రువు ముందు గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఆమెను ఊరుకోబెట్టడానికి పోలేదు. ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని, కాలితో ఒక కుర్చీ ముందుకు తోసింది.

"కూర్చోండి. రొట్టె చల్లారిపోతోంది."

కల్నల్ మూడో రొట్టె మీద ఉండగా అన్నాడు: "వచ్చే ఎన్నికకు నేను నిలబడను. పిక్రెల్, నువ్వు నిలబడు. నీ తరఫున ఊరూరా నేనే అరుస్తాను. ఒక్కటే షరతు. చచ్చినా నాకు ఇంకెప్పుడూ ఓటు వెయ్యకు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలంటారు. హోసియా పిక్రెల్ ఇంట ఓడి రచ్చ గెలిచాడు. తనను తానే ఓడించుకున్న జీనుల పిక్రెల్ కథ ఆయన కంటే ముందే గుర్రమెక్కి జిల్లాలన్నీ తిరిగింది. శాసనసభకు గెలిచాడు. వంతెన కట్టించాడు. బడులకు చట్టం తెచ్చాడు, రోడ్ల మీద పోట్లాడాడు, ఎగువ సభకు వెళ్లాడు, రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మారితే ఆయనా మారాడు. లాగులు మాత్రం పొట్టిగానే ఉన్నాయి. జుట్టు నెరిసేనాటికి పార్టీ ఆయన్ను గవర్నరు పదవికి నిలబెట్టింది.

ప్రత్యర్థి థాడియస్ మల్వేన్ అనే లాయరు. ఆ వేసవంతా ఇద్దరూ ఒకే బండిలో ఊరూరూ తిరిగారు. పగలు ఒకే చెట్టు మొద్దు మీద ఎక్కి ఉపన్యాసాల్లో ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకోవడం, రాత్రి సత్రంలో ఒకే మంచం మీద పడుకోవడం. పోటీదారులు తిరిగే పద్ధతే అది. "ఈయన గురక వింటే ఈయన పాలన ఎలా ఉంటుందో తెలుస్తుంది!" అనేవాడు మల్వేన్. మరోచోట, "తనకు తాను ఓటు వేసుకోలేనివాడు మీకేం ఒరగబెడతాడు?" అన్నాడు. దానికి ముందు వరసలోని ఒక రైతు పొగాకు ఉమ్మేసి, "ఆయన్ని వేసుకోమని ఎవడన్నాడు? వేసేది మేం కదా!" అన్నాడు.

మళ్లీ ఆగస్టు సోమవారం. అదే కోర్టు, అదే వరండా. ఈసారి డ్రూసిలా మేడ కిటికీలో కాదు, మెట్ల పక్కనే బండి మీద కూర్చుంది. ఆమెకు ఒక పంతం పట్టుకుంది. రాష్ట్రం సంగతి ఎలా ఉన్నా, హికరీ ఫోర్డ్‌లో మాత్రం ఒక్క ఓటు కూడా పక్కకు పోకూడదు. ఒకప్పుడు ఈ మెట్ల మీదే ఓడిపోయిన మనిషికి ఇక్కడ నూటికి నూరూ పడాలి. కెజయా అత్తతో పందెం కూడా కాసింది. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల గుడ్డలు నెల్లాళ్లు ఉతకాలి.

"ఎవడో ఒక తలతిక్కవాడు ఉంటాడే," అంది అత్త, పళ్లు ఊడిన నోటితో.

"ఉండడు! ఇంటింటికీ తిరిగాను!"

పొద్దున్నే ఆవలి ఒడ్డు నుంచి జనం వంతెన మీదుగా బూట్లు తడవకుండా వచ్చారు. వాళ్ల ముందు ఒక కుర్చీ, కుర్చీలో కల్నల్ విట్లాచ్. నలుగురు మోసుకొస్తున్నారు. కాళ్లు పోయాయి, గొంతు దాదాపు పోయింది. బల్ల ముందు దింపగానే చేతికర్రతో వరండాను మూడుసార్లు పొడిచి, ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"విట్లాచ్! పిక్రెల్‌కి! ఈసారి హాస్యానికి కాదర్రా!"

డ్రూసిలా కళ్లు చెమ్మగిల్లాయి. హోసియా ఆ రోజు వంగిన వంగుడు ఎవరి ముందూ వంగలేదు.

సాయంత్రమైంది. పిక్రెల్, పిక్రెల్, పిక్రెల్. మల్వేన్ పేరు ఎత్తినవాడు లేడు. పొద్దు కమ్మరికొట్టం కప్పు మీదికి దిగేసరికి గుమాస్తా గొంతు ఆనందంతో కీచుమంది.

"అన్నీ పిక్రెల్‌కే! ఒక్కటి, ఒక్కటి కూడా పోలేదు! ఇంకెవరైనా ఉన్నారా?"

ఒక్కడున్నాడు.

జనం గోలగోల చేశారు. "వద్దు గవర్నరు గారూ! వదిలేయండి! ఊరి పరువు, నూటికి నూరు!" కల్నల్ కూడా కర్ర ఊపాడు. "ఒరే పిక్రెల్, ఇక్కడ మల్వేన్ కూడా లేడు కదరా, ఎవడు చూడొచ్చాడు!"

హోసియా డ్రూసిలా వైపు చూశాడు. వెనకటి చూపే. టోపీ మీద చెయ్యి వేశాడు. ఆమెకు కిటికీ గుర్తొచ్చింది, ఊపిన మెడ గుర్తొచ్చింది, వంతెన మీద ఉదయం వినిపించిన చక్రాల చప్పుడు గుర్తొచ్చింది. కెజయా అత్త గుడ్డల మూట కూడా గుర్తొచ్చింది. అది చిన్న మూట కాదు.

"వెళ్లండి పిక్రెల్ గారూ," అంది. "వెళ్లి తగలెయ్యండి ఆ మర్యాదేదో!"

"హోసియా పిక్రెల్. నా ఓటు థాడియస్ మల్వేన్ గారికి!"

నవ్వులకూ చప్పట్లకూ కమ్మరికొట్టం మీది పావురాలన్నీ లేచిపోయాయి.

రాష్ట్రమంతటి లెక్క తేలి, పిక్రెల్ గవర్నరయ్యాడన్న కబురు రావడానికి వారాలు పట్టింది. వచ్చిన రోజున డప్పులు, తుపాకుల మోత, వంతెన మీద కాలు పెట్టే సందు లేదు. పెద్ద ఊరి పత్రికవాడొకడు జనాన్ని తోసుకుంటూ పిక్రెల్ ఇంటి పెరట్లోకి వచ్చాడు. గవర్నరు గారి భార్య తొట్టి దగ్గర చేతులు మోచేతుల దాకా సబ్బునురగలో ముంచి, ఎవరివో బండెడు దుప్పట్లు ఉతుకుతోంది.

"అభినందనలమ్మా! ఒక్క చిన్న సందేహం. గవర్నరు గారి సొంత ఊళ్లో ఒకే ఒక్క ఓటు ఆయనకు వ్యతిరేకంగా పడిందట. ఎవరండీ ఆ ద్రోహి?"

డ్రూసిలా నడుం నిటారుగా చేసి, నురగ చేత్తోనే నుదురు తుడుచుకుంది.

"పేరెందుకులే నాయనా. వాడి వల్లే ఈ దుప్పట్లు. లోపల ఉన్నాడు, వెళ్లి భోజనానికి రమ్మని చెప్పు."